నా పేరు మీద మా పిన్ని నిద్ర

ఐదేళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తలుచుకుంటే సిగ్గుతో పాటు నవ్వు కూడా వస్తుంది. ఆ నవ్వొచ్చినప్పుడే ఎక్కువ తప్పు చేసినట్టుంటుంది.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. హీరోయిన్ల గొంతు కాదు. హీరోయిన్ పక్కన నిలబడే స్నేహితురాలు, బస్సులో గొడవపడే ఆవిడ, అలాంటివి. యూసుఫ్‌గూడలో మా పిన్నితో ఉంటాను. ఐదేళ్ల క్రితం డిప్రెషన్ వచ్చింది. మైకు ముందు నోరు పెగిలేది కాదు. నిద్ర రెండు గంటలు దాటేది కాదు. జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మందులతో పాటు చేతికి పెట్టుకోమని ఒక వాచీ ఇచ్చారు. నేనెంతసేపు పడుకున్నానో అది ఆయన కంప్యూటరుకు పంపేది. పదిహేను రోజులకోసారి ఆ గ్రాఫు ఇద్దరం కలిసి చూసేవాళ్లం.

అది బాగోలేనప్పుడల్లా ఆయన "ఫర్వాలేదమ్మా" అనేవారు. ఆ మాట భరించలేకపోయేదాన్ని. పరీక్ష తప్పినట్టు ఉండేది. అంత మంచి మనిషిని ఇంకెన్నిసార్లు నిరాశపరచను?

ఒకరోజు వాచీ తీసి పిన్ని చేతికి పెట్టాను.

పిన్ని సంగతి మీకు చెప్పాలి. షేక్‌పేటలో ఒక స్కూలు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ప్రార్థన చేసుకుని తలగడ మీద తల ఆనించిందంటే పక్కింటి పెళ్లి బ్యాండు కూడా ఆవిణ్ణి లేపలేదు. డాక్టరుగారు ఇంట్లోవాళ్ల నిద్ర కూడా చూస్తారట అని అబద్ధం చెప్పాను. మురిసిపోతూ పెట్టుకుంది.

తర్వాతిసారి గ్రాఫు చూసి డాక్టరుగారి ముఖం విప్పారింది. రాత్రికి ఏడున్నర గంటలు! ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం మరో రెండు గంటలు! ఆయన సంతోషం చూసి నాకూ నిజంగానే సంతోషమేసింది. అప్పుడే చెప్పేయాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఆయన్ని అలా నవ్వించింది నేనేనని నమ్మాలనిపించింది కాబోలు. పేరు చెప్పకుండా ఈ గ్రాఫు వేరేవాళ్లకు చూపించవచ్చా అని అడిగారు. తలూపాను. మందు తగ్గించారు. దానికీ తలూపాను.

ఆ వారమే మందుల కోసం వెళ్తే వెయిటింగ్ హాల్లో కమలక్క కనిపించింది. బోరబండలో ఉంటుంది, సినిమాలకు డ్రెస్సులు కుడుతుంది. నాలాగే వైద్యం కోసం వచ్చేది. ఎప్పుడూ గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి, ఆ రోజు వచ్చి నా పక్కన కూర్చుంది.

"డాక్టర్ సాబ్ నాకొక గ్రాఫ్ చూపిచ్చిండు చెల్లె. ఎవరో ఆమె, నా లెక్కనే నిద్ర లేకుండెనంట. ఇప్పుడు ఆదివారం పగలు గూడ రెండు గంటలు పంటుందంట! ఆమెకు తగ్గినంక నాకెందుకు తగ్గది?"

"అది నాదే కమలక్కా," అన్నాను.

"నీదా? ఓ నా తల్లీ! గీ మాట ముందే చెప్పొద్దా!"

అందరి ముందూ నన్ను వాటేసుకుంది.

నన్నెవరూ అడగలేదే, ఎందుకన్నాను? గ్రాఫు నా పేరు మీదే ఉంది కాబట్టి అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను. నిజమేమిటంటే, ఒక్క మనిషి కళ్లలోనైనా బాగుపడినదాన్నిగా కనిపించాలనిపించింది. కనిపించాను. ఎంత బాగుందో!

మూడు వారాలు తిరక్కుండానే మంచం దిగలేని స్థితికి వచ్చాను. భయమేసి వాచీ మళ్లీ నా చేతికే పెట్టుకున్నాను. పడిపోయిన గ్రాఫు చూసి డాక్టరుగారు, "మందు తగ్గించడంలో నేనే తొందరపడ్డానమ్మా, తప్పు నాదే" అన్నారు. నేను నోరు విప్పలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మందు మార్చారు. నా నిద్ర మళ్లీ పోయిందని తెలిసి కమలక్క రోజూ పొద్దున్నే మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. దుప్పటి లాగేసేది. కృష్ణానగర్ గల్లీలన్నీ తిప్పేది. ఏ హీరో ప్యాంటు ఎక్కడ చిరిగిందో, షాటు మధ్యలో తను ఎలా కుట్టిందో చెప్పి నవ్వించేది. ఆమెకు నా కంటే ముందే తగ్గింది. నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్న మనిషి చెయ్యి పట్టుకుని నేను లేచాను. ఈసారి నిద్ర నాదే, నిజంగా నాదే.

పోయిన నెల కమలక్క సొంతంగా టైలరింగ్ షాపు పెట్టుకుంది. ప్రారంభం రోజు నన్ను ముందుకు లాగి, ఈమె గ్రాఫ్ చూసే నేను నిలబడ్డ అని అందరికీ చెప్పింది. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మా పిన్ని. నోట్లో లడ్డూ, కళ్లలో నీళ్లు. ఆ చప్పట్లు తనవేనని ఆవిడకు తెలియదు. నేను ఏడుస్తూ నవ్వాను. సంతోషమనుకున్నారు. సంతోషమే. కానీ అదొక్కటే కాదు.

ఆ అబద్ధం వల్ల మంచే జరిగింది కదా అనుకోవచ్చునా? అనుకోను. కమలక్క బాగుపడటం ఆమె గొప్పతనం, నా అబద్ధానిది కాదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్లు ముగ్గురున్నారు, వాళ్లకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. డాక్టరుగారు తనదనుకున్న తప్పు నాది. చూడండి, ఎంత చిన్న వాక్యమో. రాయడానికి ఐదేళ్లు పట్టింది. రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. సిగ్గు పోలేదు. గుండె మాత్రం తేలికపడింది.