బాపు ఎక్కని బండికి నాలుగు టైర్లు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే లోకంలో తెలియని విద్యంటూ ఉండదని. రెండోది, మా బాపుకు గని తప్ప మరో సంగతి తెలియదని. ఇరవై ఆరేళ్ల వయసులో ఇలాంటి నమ్మకాలు లేకపోతే మనిషికి పొద్దు గడవదు కాబట్టి నన్ను నేను మరీ ఎక్కువగా తిట్టుకోను. కానీ ఆ రెండు నమ్మకాలూ ఒకే రోజు, ఒకే టైర్ల దుకాణంలో, పదిమంది చూస్తుండగా ఎలా పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా ఇల్లు మందమర్రిలో. బాపు ముప్పై రెండేళ్లు భూమి కింద పనిచేసి, కాళ్లూ చేతులూ సలక్షణంగా పైకి తెచ్చుకుని రిటైరయ్యాడు. (చెవులు మాత్రం సగం అక్కడే వదిలేశాడు. బొగ్గు పేల్చే మోతకు అవి మొద్దుబారిపోయాయి. మా ఇంట్లో ఉప్పు అడగాలన్నా కేకేసి అడగాలి, వాడకట్టంతా వినేది.) నేను గని వైపు తొంగి చూడకుండా విత్తనాల కంపెనీలో చేరాను. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం, రోజుకో దిక్కు, పత్తి చేల వెంట తిరగడమే ఉద్యోగం. అందుకోసం మా దుబాయి మామ మళ్లీ దుబాయి పోతూ పోతూ వదిలించుకున్న పాత ఎస్‌యూవీని కొన్నాను. దాని వయసు పదకొండేళ్లు. మామ వచ్చినప్పుడల్లా దాన్ని ఊళ్లన్నీ తిప్పి అరగదీశాడు, నేనూ రోజూ నడిపాను. ఇంటి ముందు నిలబెడితే సగం గల్లీ మూసుకుపోయేది. అది చూసుకుని నా ఛాతీ కూడా కొంచెం వెడల్పయింది.

బాపు దాని చుట్టూ ఒక్కసారి తిరిగాడు. వంగి ముందు టైరు చూశాడు, వెనక టైరు చూశాడు, తన తల మీది రుమాలు తీసి నున్నటి బట్టతల తడుముకున్నాడు. "గీ టైర్లు నా నెత్తి లెక్కనే ఉన్నయిరా. గీటి మీద నేను కూసోను" అన్నాడు. అన్నాడంటే అన్నాడు. ఏడాదిన్నర పాటు ఆ బండి గడప తొక్కలేదు. దవాఖానకు ఆటోలో, చుట్టాలింటికి బస్సులో, మార్కెట్‌కు నడిచి. పక్కింటి కాక అయితే నేను వినేలాగే అడిగేవాడు: "ఏందే, కొడుకు ఏనుగసొంటి బండి కొంటె నువ్వింకా షేర్ ఆటోల ఒంటి కాలు మీద పోవుడేంది?" బాపుకు వినపడేది కాదు. నాకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినపడేది.

బాపు అన్న టైర్ల మాటకు నా అర్థం నేను తీసుకున్నాను. గని ఉద్యోగానికి ప్రయత్నించకుండా విత్తనాల సంచులు పట్టుకుని తిరుగుతున్నానని బాపుకు నామీద కోపం, ఆ కోపాన్ని టైర్ల మీద పెట్టి చూపిస్తున్నాడు, అంతే! అలా అనుకున్నాక లోపల ఒకటే మంట. నా ఉద్యోగాన్నే ఎక్కనంటున్నాడని బాధ. అంతలో అవ్వ (మా దగ్గర అమ్మను అవ్వ అంటాం) కొండగట్టు మొక్కు బయటికి తీసింది. బాపు క్షేమంగా గనిలోంచి బయటపడితే గుట్ట మీది అంజన్న, అదే ఆంజనేయుడి దగ్గరికి ముగ్గురం కలిసి వస్తామని ఎప్పుడో మొక్కుకుందట. ఈ మంగళవారం కాక పై మంగళవారం పోదామంది. బాపు తలూపి, "మీరిద్దరు బండ్ల రాండ్రి. నేను బస్సుల వచ్చి గుట్ట కింద నిలబడ్త" అన్నాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని గట్టిగా అనుకున్నాను, మంగళవారంలోగా బాపు కాదనలేని టైర్లు వేయించి, ఆయన్ని ఈ బండిలోనే కొండగట్టు తీసుకుపోతానని.

చేతిలో ఉన్నది పది రోజులు. జేబులో ఉన్నదాంతో పేరున్న టైర్లు రెండొస్తాయి, బండికేమో చక్రాలు నాలుగు. అయినా మొదట నా మనసు పోయింది అడవి టైర్ల మీదికి. ఒళ్లంతా గడ్డలు గడ్డలుగా, పక్కన తెల్లటి అక్షరాలతో, వీడియోల్లో వాగులూ గుట్టలూ దాటుతుంటాయే, అవి. కరీంనగర్‌లో ఒక దుకాణంలో అడిగితే ఆయన నన్నూ బండినీ మార్చి మార్చి చూసి, "సార్, మీరు అడవిల తిరుగుతరా, రోడ్డు మీద తిరుగుతరా?" అన్నాడు. రోడ్డు మీదే అన్నాను. "మరి గీ గడ్డలు ఏం జేస్కుంటరు? మోత పెడ్తయి, డీజిల్ తాగుతయి, జల్ది అరుగుతయి. సాదా టైర్లు చూస్కోరాదు." నా అడవి అక్కడితో అయిపోయింది.

అప్పుడు ఒక నోటుబుక్కు కొన్నాను. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితం మీది సైజు రాసుకున్నాను. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ అది పుట్టిన వారం, తర్వాతి రెండూ సంవత్సరం అని నేర్చుకున్నాను. పక్కన సన్నటి పగుళ్లుంటే గాడి ఎంత లోతున్నా కొనొద్దని ఎర్ర సిరాతో రాసుకున్నాను. పగలు పత్తి, సాయంత్రం టైర్లు. మంచిర్యాల, పెద్దపల్లి, జగిత్యాల... చేతిలో టార్చిలైటు, చంకలో నోటుబుక్కు. ఒక దుకాణాయన మూడోసారి నన్ను చూడగానే టీ తాగే మిషతో వెనక తలుపు నుంచి పోయాడని తర్వాత తెలిసింది. ఏమాటకామాటే, నన్ను నేనే కస్టమర్‌గా చూసి ఉంటే నేనూ పోయేవాడిని.

చివరికి ఆదివారం మంచిర్యాలలో పాత టైర్లు కూడా అమ్మే సేటు దగ్గర నా పంట పండింది. ఎవరో కొత్త కారు కొని, షోకుకు పెద్ద చక్రాలు వేయించుకుని, దానివి నాలుగూ రిమ్ములతో సహా ఇచ్చిపోయారట. కొత్తవాటిలో సగం ధర. సైజు మాదే, నాలుగంకెలు ఆ ఏటివే, పగుళ్లు లేవు, గాడులు లోతు. ఇంకో ఆలోచన లేకుండా బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చేశాను. ఇంటికొచ్చి బాపు చెవి దగ్గర కేకేసి చెప్పాను, రేపు వచ్చి నీ కళ్లతో చూడమని. అవ్వ కూడా, "పిల్లగాడు వారం దినాలసంది తిరుగుతుండు, జర పోయి చూసి రారాదు" అని నెట్టింది. సోమవారం పొద్దున బాపు బయలుదేరాడు. నేను బండిలో, ఆయన బస్సులో. ఒకే ఇంటి నుంచి ఒకే దుకాణానికి తండ్రీ కొడుకులం విడివిడిగా పోతుంటే మా వాడకట్టు గేట్ల దగ్గర నిలబడి సాగనంపింది.

బాపు చేతికర్రతో దుకాణంలోకి వచ్చాడు. టైర్లను ఒక్కొక్కటే నిలబెట్టమన్నాడు. ఎడమ అరచెయ్యి టైరు మీద ఆనించి, కుడిచేత్తో కర్ర పట్టి ఠప్, ఠప్ అని కొడుతూ మెల్లగా చుట్టూ తిరిగాడు. పంక్చర్లు వేయించుకునేవాళ్లూ గాలి కొట్టించుకునేవాళ్లూ పని మానేసి చూస్తున్నారు. సేటు నా వైపు వంగి, "తమ్మీ, కాక ఏమింటుండు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వించి బయటపడదామని, "ఏమినబడ్తది సేట్, ముప్పై ఏండ్లు బాంబులు పేలిన చెవులాయె" అన్నాను. అందరూ నవ్వారు. ఇంట్లో ఉప్పు అడిగితే వినపడని బాపుకు ఆ ఒక్క మాట ఎలా వినపడిందో అంజన్నకే తెలియాలి.

"చెవుతోని ఎవడింటడురా? చెయ్యితోని ఇంటరు" అన్నాడు. నా చెయ్యి లాగి టైరు మీద పెట్టాడు. కర్రతో కొట్టాడు. అరచేతిలో చిన్న అదురు పుట్టింది. ఇంకో చోట కొట్టాడు, మళ్లీ అదే అదురు. మొదటి టైరు, రెండో టైరు, ఒకే తీరు. మూడోదానికి సగం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక చోట కర్ర పడ్డది గానీ నా చేతికేమీ తెలియలేదు. దిండు మీద కొట్టినట్టుంది. "గీడ సచ్చిపోయింది" అన్నాడు బాపు. "కింద గనిల మిషిండ్ల మోతల ఎవనికి ఏమినబడ్తది? పైకప్పుకు చెయ్యి ఆనిచ్చి కొట్టేది. జవాబొస్తె లోపలికి పోవుడు. రాకుంటె మందిని ఎన్కకు గుంజుడు." సేటు టైరును విప్పి లోపల లైటు వేశాడు. సరిగ్గా అక్కడే అరచెయ్యంత అతుకు, దాని చుట్టూ పొర ఉబ్బి ఉంది. "అల్లా కసం కాకా, నాకు తెల్వదు. ఒక్క బండివే గదా అని కండ్లు మూసుకొని తీస్కున్న" అని సేటు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నేను బాపు చేతిని చూస్తూ ఉండిపోయాను. ఆ చెయ్యి పొద్దుకోసారి కప్పును అడిగి ముప్పై రెండేళ్లు ఇంటికి తిరిగొచ్చిందని, ఆ చెయ్యి చేస్తున్న పనినే నేను నవ్వులపాలు చేశానని సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

ఆ తర్వాత రెండు గంటలు నన్ను పట్టించుకున్నవాడు లేడు. పంక్చర్‌కొచ్చినవాళ్లు తమ టైర్లు దొర్లించుకొచ్చి వరసలో నిలబడ్డారు. సేటు బాపుకు స్టూలు వేసి, చాయ్ తెప్పించి, "రోజు వచ్చి కూసోరాదే కాకా" అని బతిమాలాడు. బాపు దుకాణంలోని కొత్త, పాత అన్నీ కొట్టి చూసి మా బండికి నాలుగు ఎంచాడు. "గివి మంచిగ పలుకుతున్నయి" అన్నాడు. నేను నోటుబుక్కు తీసి నాలుగంకెలు చూశాను. ఏడేళ్ల కిందటివి. "బాపూ, గివి పుట్టి ఏడేండ్లయింది. ఇంకొన్ని దినాలైతె రబ్బరు ఎండి పలుగుతది" అని కేకేశాను. ఎలా తెలుసన్నాడు. అంకెలు వేలితో చూపించాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "మరి గట్ల చెప్పు" అని ఆ నాలుగింటినీ తనే పక్కకు తోశాడు. చివరికి ఇద్దరికీ నచ్చినవి దొరికాయి. పెద్దగా పేరు లేని కంపెనీవి, సాదా గాడులవి, సైజు సరిపోయేవి, కొత్తవి నాలుగు. సేటు బయానా అందులోనే కలుపుకుని, రెండు గంటల కొలువుకు బదులుగా ధర నా జేబుకు అందేదాకా దించాడు.

టైర్లు బిగించాక నేను తాళం తీసుకుని ఎక్కబోతే బాపు కర్ర అడ్డం పెట్టాడు. "ఆగు. కప్పు కింద ఆసరా నిలబెట్టినోడే ముందుగాల దాని కింద నిలబడాలె. గాటెన్క మందిని పిలువాలె" అన్నాడు. తలుపు తెరిచి, కాలు పైకి వేసి, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాడు. రెండుసార్లు ఎగిరి చూసి, "ఇగ రా" అన్నాడు. మంచిర్యాల దాటాం. శ్రీరాంపూర్ దిక్కు పోయే రోడ్డు దగ్గర ధైర్యం తెచ్చుకుని అరిచాను: "బాపూ, నా నౌకరి నీకు నచ్చకనే గదా ఇన్ని దినాలు ఎక్కలే?" ఆయన నన్ను వింతగా చూశాడు. "నౌకరి మీద కోపమైతె నౌకరినే అందును గదరా. టైర్లు మంచిగలేవన్న. టైర్లు మంచిగలేవు. గంతే." ఏడాదిన్నరగా నేను లోలోపల పెంచి పోషించుకున్న బాధ ఒక్క మాటతో ఎందుకూ పనికిరాకుండా పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక హారన్ కొట్టాను, ముందు ఎవరూ లేకపోయినా.

మంగళవారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. రాయపట్నం వంతెన దాటేదాకా బాపు కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ధర్మపురి దాటాక తల ఒక పక్కకు వాలింది. జగిత్యాల వచ్చేసరికి గురక. అవ్వ వెనక సీట్లోంచి ముందుకు వంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీ బాపు బండ్ల పండుకోంగ నేను ఎన్నడు చూడలేదురా. బస్సుల గూడ పైకి కప్పు దిక్కు చూస్కుంటనే కూసుంటడు" అంది. కొండగట్టు మలుపు కనపడింది. అక్కడ తిరిగితే వంపులు, కుదుపులు, ఆయన లేస్తాడు. నా చేతులు స్టీరింగు తిప్పలేదు. "కొండగట్టు పోయిందిరా!" అని అవ్వ గుసగుసలాడింది. "పోనీ అవ్వా, జర పండుకోనీ" అన్నాను. ఆమె అంజన్నకు అక్కడి నుంచే దండం పెట్టి, మళ్లీ వస్తామన్నట్టు వేలు చూపించింది.

గంగాధర దాకా పోయాం. అక్కడ లారీ హారన్‌కు బాపు లేచి, కళ్లు నులుముకుని, బోర్డు చదివి, నా వైపు తిరిగాడు. "దారి తెల్వనోనివి నీకు గీ బండెందుకురా?" అని ఊరంతా వినపడేలా తిట్టాడు. నేను బండి తిప్పే చోటు వెతుక్కున్నాను. నోటుబుక్కు రాసుకుని తిరిగిన ఆ కుర్రాణ్ని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ ఒక్క పూట వాడు పోయిన దారి మాత్రం సరైనదే. బండి వెనక్కి తిప్పుతుంటే బాపు సీటు ఇంకొంచెం వెనక్కి వాల్చుకుని, "గుట్ట కాడ లేపు" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.