గిటార్ జుయ్యిమన్న ఏడాది

చికున్ గున్యా వచ్చిన ఏడాది మా ఊళ్లో ఏ ఇంట్లో ఏం చెడిపోయినా తప్పంతా ఆ జ్వరం మీదే వేసేవాళ్లు. కూర మాడితే గున్యా, కోడలు అలిగితే గున్యా, బడికి పంతులు ఆలస్యంగా వస్తే గున్యా. ఆ పంతులును నేనే కాబట్టి ఆ వంక నాకు బాగా పనికొచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అయితే నా బేస్ గిటార్ జుయ్యిమని మోగడం మొదలైనప్పుడు కూడా అదే వంకను నిజమని నమ్మాను. దాంతో రెండు నెలలు నాలో నేనే ఏడ్చాను.

మా ఊరు ఏన్కూరు దాటి అడవి వైపు వెళ్తే వస్తుంది. అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. పెళ్లిళ్ల కాలంలో ఖమ్మంలోని ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాణ్ని. నాలుగు లావుపాటి తీగలుండే ఆ గిటార్ చప్పుడు పెళ్లి పందిట్లో ఎవరి చెవికీ విడిగా వినపడదు. ఒకసారి కారేపల్లిలో పెళ్లికి మా అమ్మను తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాను. కార్యక్రమం అయ్యాక, "అందరిది వినపడ్డది. నీది ఏది బిడ్డా?" అని అడిగింది. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. బేస్ లేకపోతే పాట ఎంత గొప్పదైనా నేలమీద కాలు ఆనని మనిషిలా ఉంటుందని ఆమెకు ఎలా చెప్పాలి? ఎవరూ గుర్తించని ఆ పని మీద నాకు మాత్రం చెప్పలేనంత గర్వం. గిటార్ ఆర్కెస్ట్రాదే. దాన్ని నడిపే ఆయన, నా మీద నమ్మకంతో, నా ఇంట్లోనే ఉంచుకోనిచ్చాడు.

వానాకాలం నడుమ నాకూ జ్వరం తగిలింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, కీళ్ల నొప్పులు మాత్రం మూడు నెలలు కూర్చున్నాయి. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. వావిలాకు కాచిన నీళ్లలో నా చేతులు ముంచి, ఒక్కో వేలినీ మెల్లగా వంచి చాచేది. ముప్పై దగ్గరపడుతున్న మగవాడిని, తల్లి చేత గుండీలు పెట్టించుకుంటుంటే సిగ్గుతో గోడ వైపు చూసేవాణ్ని. ఆ రోజుల్లో గిటార్ ఎక్కడుందో కూడా అడగలేదు.

దీపావళి వెళ్లాక వేళ్లు కొంచెం మాట వినడం మొదలుపెట్టాయి. గిటార్ ఏదని అడిగితే అమ్మ లోపలికి వెళ్లి గుడ్డసంచితో సహా తెచ్చి మంచం మీద పెట్టింది.

"ఇగో. ఒక్క చుక్క చెమ్మ తగలకుండ దాచిన" అంది.

సంచి పొగ వాసన కొట్టింది. మా ఇంట్లో దుప్పట్లు కూడా పొగ వాసనే కొడతాయి కాబట్టి ఇంకేం అడగలేదు. తీగలు బిగించి, శ్రుతి చేసి, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల మధ్య వేలు నొక్కి మీటాను. స్వరంతోపాటు జుయ్యిమని ఇంకో చప్పుడు వచ్చింది. అగ్గిపెట్టెలో ఈగను పెట్టి మూస్తే ఎలా ఉంటుందో అలా. పక్క మెట్టు దగ్గర నొక్కాను, అక్కడా అదే. మెడ చివరి వైపు నాలుగైదు మెట్లు ఒక్కటీ శుభ్రంగా పలకలేదు.

ముందు తప్పు ఆంప్లిఫయర్‌దేమో అనుకున్నాను. వైరు తీసేసి, గిటార్‌కు చెవి ఆనించి మీటినా ఈగ లోపలే ఉంది. తర్వాత తీగలు పాతబడ్డాయేమో అనుకుని ఖమ్మం వెళ్లి కొత్తవి తెచ్చి వేశాను. కొత్త తీగలు ఇంకా హుషారుగా జుయ్యిమన్నాయి. లెక్కల పంతులును కదా, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాను. వైరు కాదు, తీగ కాదు, ఇక మిగిలింది నా ఎడమచేయి. వాచిన వేలు తీగను గట్టిగా నొక్కలేకపోతే అలాంటి చప్పుడు వస్తుందని ఎవరైనా చెప్తారు. ఇంకా గట్టిగా నొక్కి వాయించాను. మర్నాడు పొద్దున హాజరు పుస్తకం పట్టుకోవడానికి కూడా ఆ చేతి వేళ్లు వంగలేదు. దాంతో నా అనుమానం నాకే రుజువైపోయింది.

నిజం చెప్పాలంటే భయపడ్డాను. లెక్కలు చెప్పడానికి వేళ్లు అక్కర్లేదు, బతుకు గడుస్తుంది. కానీ మైకులు సర్దుతుండగా మొదటి స్వరం మీటినప్పుడు కాళ్ల కింద వేదిక బల్ల కదులుతుందే, ఆ కదలిక ఇక నాకు లేదనుకుంటే అన్నం దిగేది కాదు.

ఒకరోజు సాయంత్రం ఆర్కెస్ట్రా ఆయనకు ఫోన్ చేశాను. అప్పట్లో మా ఇంట్లో సెల్‌ఫోన్ పలికేది కాదు, వాకిట్లో వేపచెట్టు కిందికి రావాలి.

"అన్నా, నా చెయ్యి పనికిరాదు. వేరేటోళ్లను చూసుకో" అన్నాను.

"సత్తుపల్లి పెండ్లికి ఇంకా పన్నెండు రోజులున్నయి. ఒకసారి ఆలోచించుకో" అన్నాడాయన.

"ఆలోచించుకున్న అన్నా."

"సరే మరి. గిటారు బస్సుల పంపు. వచ్చేటాయన చేతికి అలవాటు కావాలె గదా."

వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతున్న అమ్మ అంతా విన్నది. చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బస్సు డ్రైవరు చేతికి గుడ్డసంచిలో ఇస్తే గిటార్ ఖమ్మం చేరేసరికి పుల్లలవుతుంది. అందుకని ఒక చెక్కపెట్టె చేయిద్దామని మర్నాడు మా వీధి చివరి వడ్లాయన దగ్గరికి తీసుకెళ్లాను. తలుపులు, మంచాలు, నాగళ్లు చేసే మనిషి. చెట్టును చూసి దాని గుణం చెప్తాడు, మనిషిని చూసినా అదే పని చేస్తాడు. నేను ఆయన్ని మామా అనేవాణ్ని. ఆయన అల్లుడా అని పిలిచి, "పిల్లనిచ్చుడు మాత్రం నాతోటి కాదు" అని ప్రతిసారీ గుర్తుచేసేవాడు.

గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టి కొలత తీసుకున్నాడు. తీసుకుంటూ తీసుకుంటూ, ఎవరైనా చేసే పనే చేశాడు. బొటనవేలితో లావు తీగను ఒకసారి లాగి వదిలాడు. జుయ్యిమంది. నేను ముఖం తిప్పుకున్నాను.

"ఏందిది, గిట్ల ఏడుస్తున్నది?"

"నా చెయ్యి మామా. గున్యాల పోయింది. తీగ గట్టిగ నొక్కుతలేను."

ఆయన మళ్లీ లాగి వదిలాడు. చప్పుడు ఆగేదాకా విన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ కట్టుకుని, వేళ్లు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"నీ చెయ్యి నీ చంకల ఉన్నది గదా అల్లుడా. మరి గీడ ఎవరు నొక్కుతున్నరు?"

ఎడమచేయి తగలకుండానే, ఎవరి వేలూ మెడ మీద లేకుండానే, ఆ తీగ జుయ్యిమంటోంది. నేను రోజూ శ్రుతి చేసేది వట్టి తీగను మీటే కదా. అంటే రోజూ ఇది నా చెవిలోనే పడింది. చేయి పోయిందన్న దిగులులో పడి వినలేదు. పిల్లలకు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోమని బెత్తం పట్టుకు చెప్పే పెద్దమనిషిని నేను. పక్కనున్న మొద్దు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. రంపపు పొట్టు పడిందని అబద్ధం చెప్పి తుడుచుకున్నాను. అంత హాయి నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆయన గిటార్ ఎత్తి, ఒక కన్ను మూసి, తలుపు చెక్క వంకర చూసినట్టు మెడ పొడవునా చూశాడు.

"నడుమ పొంగింది. తీగ పోయి ఆ మెట్లకు రాసుకుంటున్నది. ఏడ పెట్టిన్రు దీన్ని?"

"తెల్వదు మామా. అమ్మ దాచింది."

సంచి వాసన చూశాడు. "ఇంకేడ పెడతది, పొయ్యి మీది అటక మీద."

మా వైపు వానాకాలంలో విత్తనం మొక్కజొన్న కంకులు, మిరపకాయలు, వెదురు బుట్టలు పొయ్యి పైన అటక మీదికి చేరతాయి. పురుగు పట్టదు, చెమ్మ తగలదు. డప్పు ఉన్నవాళ్లు డప్పునూ అక్కడే పెడతారు, తోలు మెత్తబడకుండా. ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. అమ్మ నా గిటార్‌కు ఆ చోటే ఇచ్చింది. పాపం అది తోలు కాదు, రెండు రకాల చెక్కలు అతికించిన సున్నితపు మెడ. మూడు నెలలు పొగ సెగకు ఎండి వెనక్కి వంగింది.

మెడ చివర చిన్న నల్లమూత కింద ఒక మర ఉంటుందనీ, లోపలి ఇనుప కడ్డీ దానితో బిగుస్తుందనీ, వదులవుతుందనీ, దాన్ని బట్టే మెడ వంపు మారుతుందనీ నాకు తెలుసు. దాని జోలికి పోవద్దని నాకంటే ముందు ఆ గిటార్ వాయించినాయన చెప్పి వెళ్లాడు. రోడ్డు మీది మోటారుసైకిల్ మెకానిక్ దగ్గర మరలు తిప్పే అలెన్ కీల గుత్తి అడిగి తెచ్చాను. వడ్లాయన పక్కన నిలబడి, "జల్దీ చెయ్యకు. పావు చుట్టు గూడ వద్దు, అండ్ల సగం" అన్నాడు. వదులు చేసి, గిటార్‌ను అక్కడే నీడన రేపటిదాకా వదిలేశాం. చెక్కకు సర్దుకునే టైమివ్వాలట. రెండో రోజు ఇంకొంచెం. అంతకుముందు నడిమి మెట్టును అంటుకుని ఉన్న తీగ కింద ఇప్పుడు పోస్టుకార్డు దూరేంత సందు వచ్చింది. మూడో రోజు, సెగకు లేచిన ఒక మెట్టును ఆయన గుడ్డ వేసి, కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేసి కూర్చోబెట్టాడు. వట్టి తీగ మీటాను. నొక్కి మీటాను. ఈగ లేదు. వేళ్లు నొప్పి పుట్టేదాకా వాయించాను. అది మామూలు నొప్పే.

అక్కడినుంచే ఫోన్ చేశాను. "అన్నా, నా చెయ్యి మంచిగనే ఉన్నది. తప్పు చెక్కది."

"నేను ఇంకా ఎవ్వరికీ చెప్పలేదులే. మన ఆర్కెస్ట్రా నీలం చొక్కా ఉతికించుకో" అని పెట్టేశాడు.

అమ్మకు ఈ మూడు రోజులూ ఏమీ చెప్పలేదు. పూర్తిగా బాగయ్యాక చెప్దామనుకున్నాను. అటక మాట ఎత్తకుండా, వానల వల్ల అయిందని ఒక చిన్న అబద్ధం కూడా తయారుచేసుకున్నాను. కానీ గిటార్ పట్టుకుని నాతోపాటు వచ్చిన వడ్లాయన నా అబద్ధం కోసం ఆగలేదు. మంచినీళ్లు తాగి, చెంబు కింద పెడుతూనే మొదలుపెట్టాడు.

"చెల్లే, పొయ్యి మీద పెట్టి గిటారు మెడ వంచినవ్. వీడు తన చెయ్యి పోయిందని బెంగపెట్టుకున్నడు."

అమ్మ ఆయన వైపు చూసింది. "చెయ్యి పోలేదా?"

"పోలేదు. చెక్క వంగింది. పొగకు."

"చెయ్యి కాదా అన్నా?" మళ్లీ అడిగింది.

"కాదంటున్న గదా. నువ్వు జేసిన పనే."

అమ్మ అక్కడే గడప మీద కూర్చుంది. "పది రోజులు దవాఖానకు తోల్కపోలే. ఆకు నీళ్లతోటే తగ్గుతదని ఇంట్లనే పెట్టుకున్న. నేనే వాని చెయ్యి పోగొట్టిన అనుకున్న" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, నవ్వుతోంది. ఇన్నాళ్లూ గుండీలు పెడుతూ, వేళ్లు చాపుతూ ఆమె మోసిన బరువు నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున బోరింగు దగ్గర ఆమె గొంతు మా ఇంటిదాకా వినిపించింది. "మావాని చెయ్యి మంచిగున్నది. నేనే గిటారును పొయ్యి మీద పెట్టి పాడుచేసిన" అని చెబుతోంది. అయ్యో అని ఎవరో జాలిపడితే, "అవ్, నేనే, ఇంకెవ్వరు కాదు" అని గట్టిగా అంది. బిందె నిండి పొర్లిపోతున్నా కొట్టడం ఆపకుండా, అప్పుడే వచ్చినామెకు మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.