నాలుగో క్వార్టర్‌లో నా కాళ్ళు

తెలంగాణ వచ్చిన కొత్తలో, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే ఆడపిల్ల ఆరడుగులకు కొంచెమే తక్కువగా ఉందంటే, ఆ ఎత్తు ఆమెకు తప్ప అందరికీ పనికొచ్చేది. హాస్టల్లో ఫ్యాన్లకు పట్టిన బూజు నేనే దులపాలి. ఆరేసిన బట్టలు గాలికి ఎగిరి గోడెక్కితే నేనే తీయాలి. ఫోటో దిగేటప్పుడు మాత్రం వెనక వరసలో నిలబడి కూడా మోకాళ్ళు వంచాలి (ఆనాటి ఫోటోలన్నింటిలో నేను కుర్చీలో కూర్చోబోతూ మధ్యలో మనసు మార్చుకున్న మనిషిలా ఉంటాను). ఊరూరా సెల్ టవర్లు లేస్తున్న రోజులు కాబట్టి నా పేరు ‘టవర్’ అయింది. అలాంటి నన్ను మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారు ఒకనాడు గేటు దగ్గర ఆపి, చేతిలో బంతి పెట్టి, "ఎగురుడు తర్వాత నేర్చుకుందువు గాని, ముందుగాల చేతులు లేపి బాల్ గా రింగుల ఎయ్యి" అన్నారు. వేశాను. బంతి పడింది. బంతితోపాటు నేనూ ఆ ఆటలో పడ్డాను.

బాస్కెట్‌బాల్ మ్యాచ్ నాలుగు భాగాలు. ఒక్కో భాగాన్ని క్వార్టర్ అంటారు. మొదటి క్వార్టర్‌లో నన్ను చూసినవాళ్ళు ఈ పిల్ల దేశానికి ఆడుతుందనేవారు. రెండో దాంట్లో రాష్ట్రానికి ఆడుతుందనేవారు. మూడో దాంట్లో జిల్లాకు దించేవారు. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి, "గా పొడుగు పిల్లను ఎవలన్న కూసోవెట్టున్రి, పాపం" అనేవారు. ఏమయ్యేదో తెలియదు, కాళ్ళు తడిసిన గోనెసంచుల్లా అయిపోయేవి. ఒకసారి బంతి ఎవరికివ్వాలో తోచక, దగ్గరగా ఉన్నాడు కదా అని అంపైర్‌కే ఇచ్చాను. ఆయన కూడా మర్యాదకు పట్టుకున్నాడు. మా కెప్టెన్ నాకంటే ఒక ఏడాది పెద్ద, తల నా మోచేతి దాకా వచ్చేది, అందుకని అందరికీ పొట్టక్క. "ఏమే టవర్, ఉరుకవే! మ్యాచ్ ఇంక అయిపోలే!" అని అరిచేది. "ఉరుకుతున్న గదక్కా!" అనేదాన్ని. నిజంగా పరుగెత్తుతున్నాననే అనుకునేదాన్ని. చూసేవాళ్ళు చెబితే తెలిసేది, ఉన్నచోటే నిలబడి చేతులు ఊపుతున్నానని. "టవర్‌కు సిగ్నల్ పోయింది" అని మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కేకలేసేవారు. ఒక మ్యాచ్‌లో ఆ కేక వినిపిస్తుండగానే కోర్టు మధ్యలో చతికిలబడ్డాను.

దాంతో పీడీ సారుకు భయం పుట్టి, ఊళ్ళో ఉన్న మా బాపుకు ఫోన్ చేశారు. పల్లీ చేలో ఉన్న బాపుకు అక్కడ మాట సరిగ్గా వినబడదు. బాస్కెట్‌బాల్ అన్న ముక్క గాలికి పోయింది. మిగిలింది మాత్రం స్పష్టంగా చేరింది. "నీ బిడ్డ మంచిదే. మూడు క్వార్టర్ల దాక ఏం ఫికర్ లేదు. నాలుగో క్వార్టర్ల మాత్రం కాళ్ళు నిలవడుతలేవ్. నిన్నయితే అందరి ముంగట కూలవడ్డది." (మా వైపు క్వార్టర్ అంటే ఆటలో భాగమని తెలిసినవాళ్ళు ఎంతమందో, మందు సీసా అని తెలిసినవాళ్ళు ఎంతమందో మీరే ఊహించుకోండి.)

మర్నాడు మొదటి బస్సుకే బాపు దిగాడు. గేటు బయటికి పిలిచి, నా మొహం దగ్గరికి వచ్చి గట్టిగా ఊపిరి పీల్చాడు. జలుబేమో అనుకున్నాను.

"ఎప్పుడు షురూ చేసినవ్ బిడ్డా?" అన్నాడు.

"ఫస్టియర్ల బాపు. నీకు చెప్తే వద్దంటవని చెప్పలే."

"ఎవలు నేర్పిన్రు?"

"పీడీ సారే. దినాం పొద్దుగాల, మాపటికి. మేమంత ఆడపిల్లలమే ఉంటం."

బాపు గోడకు ఆనుకున్నాడు. "ఏడ?"

"గ్రౌండ్‌ల బాపు. అందరు చూస్తనే ఉంటరు. చప్పట్లు గిట్ల కొడ్తరు."

"మూడు క్వార్టర్లు ఎట్ల తట్టుకుంటున్నవే తల్లీ," అని బాపు నేల మీద కూర్చుండిపోయాడు. "నేను పండుగ పూట జరంత కల్లు తాగితెనే మీ అమ్మ ఇంట్లకు రానియ్యదు."

అప్పటికి నాకు అర్థమైంది. నవ్వు ఆపుకోలేక నేనూ పక్కన కూర్చున్నాను. నేను నవ్వుతున్నకొద్దీ ఆయనకు అనుమానం పెరిగింది. చివరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కోర్టు చూపించాను, బంతి చూపించాను, పీడీ సారును చూపించాను. బాపు సారుకు దండం పెట్టి, పొద్దటి నుంచి ముట్టని చాయ్ ఒకదాని మీద ఒకటి తాగాడు. కానీ కుదుటపడ్డాక అసలు సంగతి అందుకున్నాడు.

"మరి కిందవడ్డది నిజమే గదా? మొత్తం ఆడరానప్పుడు గీ కష్టమెందుకు? ఈసారి టోర్నమెంట్‌ల గిన పడ్డవంటే ఆట బంద్. నీకేమన్న అయితే మీ అమ్మకు నేనేం చెప్పాలె?"

"పడను బాపు."

"పడితే?"

"పడను."

ఆ మాట ఎక్కడి ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. అన్నాక మాత్రం నిలబెట్టుకోవాలనుకున్నాను. మర్నాటి నుంచి హాస్టల్ లేవకముందే గ్రౌండ్ చుట్టూ పరుగు. కుక్కలు మొదట్లో నన్ను తరిమాయి, తర్వాత విసుగొచ్చి పడుకుని చూసేవి. బలం కోసం ఎవరు ఏం చెబితే అది తిన్నాను. పీడీ సారు అరటిపళ్ళు అన్నారు. పొట్టక్క గ్లూకోజ్ అంది. అమ్మ పల్లీలు, బెల్లం పంపింది. సెమీఫైనల్ రోజు ఎందుకైనా మంచిదని అన్నీ కలిపి తిని దిగాను. ఆ రోజు నాకు మొదటి క్వార్టర్‌లోనే నాలుగో క్వార్టర్ వచ్చేసింది. నన్ను కూర్చోబెట్టి, మిగతావాళ్ళు ఎలాగో గెలిచారు. బెంచీ మీద కడుపు పట్టుకుని ఏడ్చిన నేను, ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా మళ్ళీ గ్రౌండ్ చుట్టూ తిరిగాను. ఆ పూట పరుగు రాలేదు, నడిచాను.

ఫైనల్‌కు ముందు పీడీ సారు, ఎవరో ఫోన్‌లో తీసిన మా పాత మ్యాచ్ వీడియో తెచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బాల్ అవుటయితే తెచ్చెతందుకు నువ్వెందుకు పోతున్నవ్? గది అవతలోల్ల బాల్ గదా?"

"దగ్గర్నే ఉన్నది గదా అని సార్."

"మంచిది. గీడ చూడు. వాళ్ళు బాస్కెట్ ఏస్తే నువ్వెందుకు ఎగురుకుంట చప్పట్లు కొడ్తున్నవ్?"

"మంచిగేసింది సార్ ఆ పిల్ల."

సారు ఫోన్ పక్కన పెట్టారు. "నీకు బలం తక్కువై కాదు బిడ్డా. అందరి మ్యాచ్ నువ్వే ఆడుతున్నవ్. జర నీది నువ్వు ఆడు."

పరుగెత్తడం నేర్చుకోవడం సులువే, పరుగెత్తకుండా ఉండడం నేర్చుకోవడమే నరకం. బంతి అటు పోతుంటే కాళ్ళు వాటంతటవే లేచేవి. పొట్టక్క నా వెనకే ఉండి చున్నీ పట్టి లాగినట్టు జెర్సీ పట్టి లాగేది. పట్టుదలగా, పళ్ళు బిగించి, నిదానం నేర్చుకున్నాను.

ఫైనల్ నల్గొండ అమ్మాయిలతో, మా గ్రౌండ్‌లోనే. బాపు తెల్లపంచె కట్టుకొచ్చి మెట్ల మీద ముందు వరసలో కూర్చున్నాడు. సారు పేర్లు చదివారు. నా పేరు లేదు.

"నువ్వు నాలుగో క్వార్టర్‌ల దిగు. తాజాగుంటవ్," అన్నారు.

ఆలోచన చాలా బాగుంది. లోపమల్లా నన్ను బెంచీ మీద వదిలేయడంలో ఉంది. మూడు క్వార్టర్లూ నేను లేచాను, కూర్చున్నాను, ఎగిరాను, ప్రతి బంతికీ గొంతు చించుకున్నాను, గీత పక్కన అటు చివరి నుంచి ఇటు చివరిదాకా పరుగెత్తాను. ఆడుతున్న పొట్టక్క కంటే నాకే ఎక్కువ చెమటపట్టింది. తీరా సారు "దిగు" అనేసరికి గొంతు లేదు. దిగిన కాసేపటికే పిక్క పట్టేసింది.

సారు బయటికి రమ్మని సైగ చేశారు. తల అడ్డంగా ఊపాను. "టవర్, పోవే, నేను చూసుకుంట," అంది పొట్టక్క. డిగ్రీ ఆఖరి ఏడాది, ఆమెకు అదే ఆఖరి మ్యాచ్. "పోనక్కా," అన్నాను, శబ్దం లేకుండా పెదాలతోనే. పరుగెత్తలేను కాబట్టి కుంటుకుంటూ మేం కాపాడుకోవాల్సిన రింగు కిందికి పోయి, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను. ఎత్తిన చేతులు దించలేదు. నల్గొండ అమ్మాయిలు వేసిన బంతులు కొన్ని నా అరచేతులకు తగిలి పక్కకు పోయాయి. ఆఖర్లో మేం ఒక పాయింట్ వెనకబడి ఉండగా, అలాగే కుంటుకుంటూ అవతలి రింగు కిందికి చేరాను. పొట్టక్క వేసిన బంతి రింగుకు తగిలి నా చేతుల్లోకే వచ్చింది. ఎగరడానికి కాలు లేదు. ఉన్న ఎత్తుతోనే వేశాను. రింగు మీద తిరిగి తిరిగి లోపల పడింది. గ్రౌండంతా అరిచింది. నేనూ అరిచాననుకున్నాను, బయటికి గాలే వచ్చింది.

ఆ అరుపులు ఆగకముందే నల్గొండ పిల్ల ఒకతె దూరం నుంచి విసిరింది. పడింది. విజిల్ మోగింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం. పొట్టక్క నన్ను పట్టుకుని ఏడ్చింది, నేను పడిపోకుండా ఆమెను పట్టుకుని ఏడ్చాను.

మెట్ల మీద ఒక్క బాపు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఎంత గట్టిగా అంటే, ఆయన తమ వాడేననుకుని నల్గొండ వాళ్ళు వచ్చి చేతిలో లడ్డూ పెట్టి పోయారు. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చి సగం విరిచి ఇచ్చాడు.

"మనం ఓడిపోయినం బాపు," అన్నాను.

"ఎర్కే. బోర్డు మీద చూసిన," అన్నాడు. "నువ్వు కిందవడలే గదా. తిను." తన సగం నోట్లో వేసుకుని, "మల్ల ఎప్పుడున్నది ఆట?" అని అడిగాడు.

ఇప్పుడు నేను చౌటుప్పల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. సాయంత్రం ఒళ్ళు అలసిపోతే మారుమాట లేకుండా కూర్చుంటాను, పక్కవాళ్ళ పనికి లేచి పోవడం ఎప్పుడో మానేశాను. తెలివి వచ్చిందనే అనుకుంటాను. కానీ అప్పుడప్పుడు ఆ రింగు కింద ఒంటికాలి మీద చేతులెత్తి నిలబడిన పిల్ల గుర్తొస్తుంది. దగ్గరికి పోయి, "జర కూసోవే, నీళ్ళు తాగు" అని చెప్పాలనిపిస్తుంది. కూర్చోదు. అది నాకు తెలుసు.