ట్యాంకు పక్క ఇల్లు

మా ఆశక్క పోయింది. మొన్న పొద్దున మొయినాబాద్ రోడ్డు మీద కొర్రమట్టలు అమ్ముతుంటే మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. తూకంలో ఉన్న చేపను తీసి మళ్లీ టబ్బులో వేశాను. కొనడానికొచ్చిన మనిషి ఏమనుకున్నాడో తెలియదు.

ఆశా కార్యకర్తగా చెరువు ఒడ్డున ఉన్న మా చేపలవాళ్ల బస్తీ అంతా ఆమే చూసేది. ఏ ఇంటికొచ్చినా ముందు చెంబెడు నీళ్లడిగి, వాసన చూసేది. బ్లీచింగ్ వాసన వస్తేనే తాగేది. మేం నవ్వితే, "మీ చేపల కంపు దినాం నేను ఓర్సుకుంటలేనా? గీ వాసన మీరు జర ఓర్సుకోండ్రి" అనేది.

మా ఇల్లు నీళ్ల ట్యాంకు పక్కనే. అందుకే బ్లీచింగ్ ప్యాకెట్లు నా చేతికిచ్చి, "నీ మీదనే ఇడిచిపెడ్తున్న చెల్లె" అంది. రెండు వారాలు ట్యాంకులో కలిపాను. ఒకరోజు ఆ నీళ్లు పోసిన టబ్బులో కొర్రమట్టలు మధ్యాహ్నానికల్లా వెల్లకిలా తేలాయి. చచ్చిన కొర్రమట్టను ఎవరు కొంటారు? మిగిలిన ప్యాకెట్లు వలల కింద దాచేశాను. అక్క అడిగినప్పుడల్లా "ఏసిన అక్కా" అనేదాన్ని. సిగ్గులేని నోరు, ఒక్కసారి కూడా తడబడలేదు.

వానలకు మురుగు పైపుల్లో చేరింది. ఇంటింటా వాంతులు, విరేచనాలు. "గత్తరొచ్చింది బిడ్డా" అంటూనే మా అత్త పడిపోయింది. పరీక్ష చేసి కలరానే అన్నారు. అక్క వచ్చి మా నల్లా నీళ్లు వాసన చూసింది. తర్వాత నా మొహం చూసింది. నేనే వెళ్లి వలలెత్తి ప్యాకెట్లు తెచ్చాను.

ఆమె మా వీధి వదల్లేదు. ఓఆర్ఎస్ కలిపి, "ఎంత పోతే అంత తాగాలె, మూతి తిప్పితే ఊకోను" అని మా అత్తను గదుముతూ గుక్క గుక్కా తాగించింది. అందరూ లేచారు. చివరికి అదే కలరాతో అక్క మంచాన పడింది.

కోలుకున్నాక వచ్చి నా టబ్బు పక్కన కూర్చుంది. "నీళ్లు ఒక దినం ఎండల పెట్టు. వాసన పోతది, చేపలు బతుకుతయ్. ముందుగాల్నే నన్నడిగితే ఏమైతుండె చెల్లె?" అంది. తప్పయిందక్కా అనాల్సింది. "చాయ్ తాగుతవా?" అన్నాను.

తర్వాత ఆమె కిడ్నీలు ఖరాబయ్యాయి. షుగర్ వల్లేనని డాక్టర్లు చెప్పారట. ఆ కలరాతోనే మొదలైందేమోనని నా మనసు ఒప్పుకోదు. చేవెళ్ల దవాఖానలో ఆమెను చూడ్డానికి వెళ్లినప్పుడు 'తప్పయింది' అన్న మాట నోటిదాకా వచ్చింది. ఈలోపు ఆమే, "చేపలు మంచిగ బతుకుతున్నయా?" అని అడిగింది. బతుకుతున్నాయన్నాను. అంతే చెప్పగలిగాను. మిగతాది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నిన్న ఆమె మట్టికి పోయివచ్చి, ట్యాంకులో బ్లీచింగ్ కలిపాను. టబ్బు నింపి ఎండలో పెట్టాను. చెంబుతో నీళ్లు పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటుగా ఉంది.

"ఏసిన అక్కా" అన్నాను, గట్టిగానే.