రేపు మావయ్య చేతిలో పాత డిస్కు

రేపు మావయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. పాత హార్డ్ డిస్కు శుభ్రంగా తుడిచిపెట్టమని ఎవరైనా తెచ్చిస్తే, ఆ పని ఆ రోజు చేసిన పాపాన పోడు. పాత కంప్యూటర్లు కొని అమ్మే ఆ కొట్టుకు అసలు పేరేదో బోర్డు మీద ఉంది గానీ, చదివినవాళ్ళు లేరు. అందరికీ అది రేపు మావయ్య కొట్టే. ఆ పేరు పెట్టింది కౌంటర్లో కూర్చునే మేనకోడలు.

సాకులకు ఆయన దగ్గర కరువు లేదు. ఒకరోజు కరెంటు నీరసంగా ఉందంటాడు. ఒకరోజు డిస్కు ప్రయాణం చేసి అలిసిపోయింది, కాస్త పడుకోనివ్వమంటాడు. ఓసారి మోకాలు నొప్పి అన్నాడు. తుడవడానికి మోకాలెందుకని మేనకోడలు అడిగితే, మనసు పెట్టి చేయాల్సిన పని, మనసంతా మోకాలి దగ్గరే ఉందన్నాడు. ఆయన టీ తాగుతుంటే ఆమె తిట్లు తినేది.

ఆ తిట్లలో సగానికి పైగా టైలర్ మాస్టారివి. ఇరవై ఏళ్ళుగా ఆయన తీసిన కొలతలన్నీ పాత కంప్యూటర్లో ఉండేవి. అల్లుడు కొత్తది కొనిచ్చి, అన్నీ అందులోకి ఎక్కించేశానన్నాడు. ఇక పాతది అమ్మితే పెద్దమనుషుల నడుం చుట్టుకొలతలు పరాయివాళ్ళ కంట పడతాయని మాస్టారి బెంగ. తానే అన్నీ డిలీట్ కొట్టి తెచ్చానన్నాడు. డిలీట్ కొడితే తలుపు మీది పేరే పోతుంది, మనుషులు ఇంట్లోనే ఉంటారు, ఈ మూల నుంచి ఆ మూల దాకా సున్నాలు నింపితేనే ఇల్లు ఖాళీ అవుతుందని మావయ్య చెప్పాడు. అయితే నింపమన్నాడు మాస్టారు. రేపు అన్నాడు మావయ్య. జన్మలో ఒక్క చొక్కా చెప్పిన రోజుకు ఇవ్వని మాస్టారికి ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది.

ఆరు రోజులు వరసగా వచ్చి తిట్టాడు. ఏడో రోజు మేనకోడలికి ఓపిక నశించింది. మావయ్య టీకి వెళ్ళగానే డిస్కు తగిలించింది. మీట నొక్కడమే తరువాయి అనగా ఆయన వచ్చి వైరు పీకి జేబులో వేసుకున్నాడు. ఈరోజు వైరుకు ఒంట్లో బాగోలేదన్నాడు.

"నీలాంటి సోమరిపోతు దగ్గర పనిచేయడం ఇక నా వల్ల కాదు మావయ్యా. రేపటి నుంచి రాను" అందామె.

అంతలో మెడలో టేపుతో, ఒక కాలికే చెప్పుతో మాస్టారు రొప్పుతూ వచ్చాడు.

"తుడిచేశావా?"

"ఇంకా లేదు మాస్టారూ. బద్ధకం."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు. అల్లుడు ఎక్కించింది కొలతలను కాదట, తెర మీద వాటిని తెరిచే షార్ట్‌కట్ గుర్తును మాత్రమేనట. నొక్కితే లోపల ఏమీ లేదు. నలభైమంది నర్సుల యూనిఫారాలు ఆ వారమే ఇవ్వాలి.

"నీ బద్ధకం చల్లగుండ" అన్నాడు మాస్టారు.

మావయ్య వెంటనే కూర్చున్నాడు. కొలతలన్నీ వెలికి తీసి, రెండు పెన్‌డ్రైవుల్లో వేసి, మాస్టారి చేతనే ఒక్కొక్కటీ తెరిపించాడు. ఆ తర్వాతే డిస్కు నిండా సున్నాలు నింపాడు. మళ్ళీ గాలించి, ఒక్క నడుము కూడా దొరకలేదని తేల్చుకున్నాక గానీ కుర్చీ దిగలేదు.

సోమరిపోతు ఇలా పనిచేస్తాడా అని మేనకోడలికి అనుమానం వచ్చింది. డిస్కులకు కట్టి, తర్వాత డబ్బాలో దాచిన అట్టముక్కలు తిరగేసింది. వచ్చిన తేదీ, తుడిచిన తేదీ. పన్నెండేళ్ళుగా అన్నీ సరిగ్గా పదో రోజే తుడిచాడు. కొన్నిటి మీద మాత్రం తుడిచే లోపే వెనక్కి ఇచ్చినవేమిటో రాసి ఉంది: పెళ్ళి ఫోటోలు, పాప తొలి నడక, ఎవరిదో సగం రాసిన నవల. ఆమెకు మావయ్య మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"పది రోజులు ఆగుతానని ముందే చెప్పొచ్చుగా మావయ్యా?"

"చెబితే, మేమేమైనా మతిమరుపువాళ్ళమా, ఇప్పుడే తుడువు అంటారు. బద్ధకమంటే తిట్టేసి ఇంటికి పోతారు."

"ఇక నిన్ను సోమరిపోతంటే ఊరుకోను. అందరికీ చెప్పేస్తాను."

మావయ్య నిజంగానే కంగారుపడ్డాడు.

"నీకు పుణ్యముంటుంది, చెప్పకు తల్లీ. ఈ పేరు తెచ్చుకోవడానికి పన్నెండేళ్ళు కష్టపడ్డాను."