కోతులకు తుపాకీ, తుపాకీకి పూజ

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా. దుకాణం నాది, ఇల్లు నా భార్యది, డాబా మా అమ్మది. ఈ పంపకం ఎవరూ చేయలేదు, నా పెళ్లయినప్పటి నుంచి దానంతటదే నడుస్తోంది. ఎండలు ముదిరాయంటే అమ్మ పొద్దున్నే చాయ తాగి డాబా ఎక్కేది. పాత చీరలు పరిచి వడియాలు పెట్టేది, చల్ల మిరపకాయలు ఎండబోసేది, చుట్టుపక్కల డాబాల వాళ్లతో బజారు సంగతులన్నీ తేల్చుకుని దిగేది. ఆ వడియాలు అమ్మకానికి కాదు, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచడానికి. దుకాణంలో పెడితే బాగా పోతాయని ఒకసారి నోరు జారినందుకు ఆమె నాతో మాట్లాడటం మానేసింది. నా భార్య మధ్యవర్తిగా ఉంటే తప్ప పప్పులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పుకోలేకపోయాను.

కిందటి ఎండాకాలం ఒక కోతి ఆమె చేతిలోని పిండిగిన్నె పట్టుకుంది. అమ్మ వదల్లేదు. అదీ వదల్లేదు. మా అమ్మ పట్టుదల తెలిసినవాడిని కాబట్టి నేను కోతిని పెద్దగా తప్పు పట్టను. చివరికి అది ఆమె మణికట్టు కొరికి, గిన్నెతో సహా గోడ దూకింది. దవాఖానకు తీసుకుపోయి సూదులు వేయించాం. గాయం మానింది. అమ్మ మాత్రం మళ్లీ డాబా ఎక్కలేదు. అడిగితే మోకాళ్ల నొప్పులంది. అదే మోకాళ్లతో పాలకుర్తి గుట్ట మెట్లెక్కి దేవుణ్ణి చూసి వచ్చింది. ఇంట్లో మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మోకాళ్లకు నొప్పి గుర్తొచ్చేది. మేమెవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఎండాకాలం వచ్చేసరికి పాత చీరలు మూటలోనే ఉండిపోయాయి. మధ్యాహ్నం పూట అమ్మ డాబా మెట్ల తలుపు పక్కన కూర్చుని, పైన కోతులు దూకే చప్పుడు వింటూ ఉండేది. ఎవరైనా వస్తే, ఈ కాలంలో వడియాలు ఎవరు తింటున్నారు, అందరూ ప్యాకెట్లే కొనుక్కుంటున్నారని తనే అనేది. ఎవరూ అడగకుండానే అనేది. 

నేను ఊరుకున్నానని కాదు. టపాకాయలు కాల్చాను. కొండముచ్చు బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ వేయించి డాబా గోడకు కట్టాను. కోతులు దాని నీడన కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకున్నాయి.

అలాంటి సమయంలో డోర్నకల్ నుంచి మా బావ దిగాడు. మా అక్క మొగుడు, రైల్వేలో పని చేస్తాడు. ఉద్యోగం పట్టాల మీద, మనసు తుపాకుల మీద. ఫోనులో తుపాకుల వీడియోలు చూసీ చూసీ చివరికి ఒకటి కొన్నాడు. మా అక్క, "ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అన్నదట. బావ ఆలోచించుకోవడానికి కొంచెం టైము అడిగాడట. ఆ టైములోనే దాన్ని సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

సంచి జిప్పు తీసి కౌంటరు మీద, కందిపప్పు డబ్బా పక్కన పెట్టాడు. నల్లగా, సగానికి మడిచి ఉంది.

"సెమీ ఆటోమేటిక్, బామ్మర్ది. గాలి తుపాకే, లైసెన్స్ ఫికర్ లేదు. ఒక్కసారి గుండ్లు నింపితె ఎన్నిసార్లు నొక్కితె అన్నిసార్లు కొడ్తది. స్టాక్ గూడ ఫోల్డింగ్, సూడు," అని ఒక బొత్తాం నొక్కాడు. స్టాక్ అంటే భుజానికి ఆనించుకునే వెనక భాగం. అది టక్కుమని తెరుచుకుని బెల్లం బుట్టను తన్నింది.

ఆ చప్పుడుకు అమ్మ కిందికి వచ్చింది. చూసీ చూడగానే దుకాణం షట్టరు సగం దించేసింది. మా జిల్లాలో, నక్సలైట్లూ పోలీసులూ తిరిగిన రోజులు చూసిన ఆమె వయసు వాళ్లకు తుపాకీ కనిపిస్తే ముందు చేసే పని తలుపు వేయడం. అది ఎవరి చేతిలో ఉందన్నది తర్వాత ఆలోచిస్తారు.

"ఎవల్దిరా అది?" అంది, గొంతు తగ్గించి.

"నాదే అత్తమ్మా. కోతుల కోసం తెచ్చిన," అన్నాడు బావ.

"కోతిని కొడితె కేసయితది అన్నా," అంది నా భార్య మెట్ల మీద నుంచి.

"కోతిని ఎవరు కొడ్తరు చెల్లె? పక్కపొంటి రేకు డబ్బాను కొడ్తం. ఆ సప్పుడుకే పోతయి."

 అమ్మ షట్టరును జానెడు జానెడుగా మళ్లీ పైకి లేపింది. అది చూసి నాకు ఆశ పుట్టింది. కొన్నాళ్లు ఉంచుకుని పని చేస్తుందో లేదో చూడమని బావ దాన్ని నాకు అప్పగించాడు. కాలేజీలో ఎన్.సి.సి. చేశాను కాబట్టి ఆ పనికి నేనే తగినవాణ్ణని ఆయన లెక్క. నిజానికి అప్పుడు నేను పేల్చిన గుండ్లు పక్కవాడి టార్గెటుకు తగిలి వాడికి మెచ్చుకోలు వచ్చింది. ఆ సంగతి బావకు చెప్పలేదు.

కిరాణా దుకాణదారుడికి సరుకు చూసే పద్ధతి ఒక్కటే. ముందు తూకం, తర్వాత వాసన, ఆ తర్వాత తయారైన తేదీ, చివరికి పెదవి విరవడం. తుపాకీని కాంటా మీద పెట్టాను. బెల్లం దిమ్మె కన్నా తేలికగా తూగింది, ఇనుము తక్కువ, ప్లాస్టిక్ ఎక్కువ అని తేల్చాను. వాసన చూస్తే కొత్త చెప్పుల వాసన వచ్చింది. తేదీ ఎక్కడా లేదు. పసుపు కోసం వచ్చిన ఒకాయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "హనుమకొండల ఇంతకన్న మంచియి దొరుకుతయి," అన్నాడు. మా బజారులో ఏ వస్తువు చూపించినా ఆయన అదే మాట అంటాడు.

మర్నాడు డాబా మీద అసలు పరీక్ష పెట్టాను. గోడ మీద ఖాళీ నూనె డబ్బా నిలబెట్టాను. మొదటి గుండు ఎటు పోయిందో తెలియలేదు. రెండోది మా నీళ్ల డ్రమ్ముకు తగిలింది. సన్నని ధార, చక్కగా, ఎక్కడా తెగకుండా కారింది. మూడోసారి నొక్కుతుండగా స్టాకు కీలు జారి మడత పడింది. ఇంతసేపూ దాన్ని ఆనించుకున్న నా దవడ పోయి తుపాకీకే కొట్టుకుంది. నూనె డబ్బాకు ఏమీ కాలేదు. పక్కింటి ట్యాంకు మీద కోతుల గుంపు వరసగా కూర్చుని ఇదంతా చూసింది.

నా భార్య వచ్చి డ్రమ్ము బొక్కకు సబ్బుముక్క అద్దింది. "ఇన్నేండ్లల్ల కోతులు ఒక్కనాడు గూడ డ్రమ్ముకు బొక్క వెట్టలే," అంది. సబ్బు చేతులు తుడుచుకుంటూ దిగిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఉబ్బిన దవడ చూసి అమ్మ అసలు కారణం కనిపెట్టేసింది.

"పూజ చేసినవా దానికి?"

"తుపాకీకి పూజేందమ్మా?"

"కాంటకు చేస్తలేమా దసరాకు? బండికి చేస్తిమి, ఫ్రిజ్జుకు చేస్తిమి. దీనికెందుకు చెయ్యవు? అండ్లనూ నువ్ ఎవల మీదికి ఎత్తుతానవ్? ఆంజనేయసామి సైన్యం మీదికి. ఆయనకొక మాట చెప్పకుంటనే ఎత్తుతవా?"

మంగళవారం ముహూర్తం పెట్టింది. సెలవు చూసుకుని బావ కూడా వచ్చాడు. కింద దేవుడి గదిలోనే కానిచ్చేద్దామని నేనన్నాను. దానికి అమ్మ ఒప్పుకోలేదు. బండి పూజ రోడ్డు మీద చేస్తారు, పిండిగిర్నీ పూజ గిర్నీలో చేస్తారు, ఏ వస్తువు ఎక్కడ పని చేయాలో పూజ అక్కడే జరగాలి. తుపాకీ డాబా మీద పని చేయాలి కాబట్టి పూజ డాబా మీదే. ఆ మాట అన్నాక తనే డాబా మెట్ల తలుపు వైపు చూసింది. మా ఇంట్లో పూజ ఎలా చేయాలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నా భార్య ఏమీ ఎరగనట్టు హారతి పళ్లెం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అమ్మ ఆ పళ్లెం పట్టుకుని, వెనక మేము ముగ్గురం ఊపిరి బిగబట్టి నడుస్తుండగా, ఏడాది తర్వాత డాబా ఎక్కింది.

పీట మీద తుపాకీని పెట్టి గొట్టం నిండా పసుపు రాసింది. మూతి దగ్గర కుంకుమ దండిగా పెట్టింది. బంతిపూల దండ వేసింది. పక్కనే అరటిపండ్లు, కొట్టిన కొబ్బరికాయ. అంతవరకు బాగానే జరిగింది. నిమ్మకాయ దగ్గర చిక్కొచ్చింది. కొత్త బండి అయితే చక్రం కింద పెట్టి తొక్కిస్తాం. తుపాకీకి చక్రం ఎక్కడిది? కాసేపు తర్జనభర్జన పడ్డాం. బావకే ఆలోచన వచ్చింది. మడత పడే కీలు సందున నిమ్మకాయ పెట్టి స్టాకును గట్టిగా మూశాడు. నిమ్మకాయ చితికి రసం కీలులోకి కారింది. "లాక్ గట్టిగనే ఉన్నది," అని బావ నాకేసి చూశాడు, ఉబ్బిన దవడ నా తప్పే అన్నట్టు.

అమ్మ హారతి ఇచ్చింది. అందరం కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాం. కోతుల పీడ పోవాలని మొక్కుతూ, కోతులు తిరిగే డాబా మీద, అరటిపండ్లూ కొబ్బరీ ముందు పెట్టుకుని కళ్లు మూసుకున్నామన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

కళ్లు తెరిచేసరికి ఒక పెద్దకోతి పీట ముందు బాసింపట్టు వేసుకుని అరటిపండు ఒలుస్తోంది. ఇంకొకటి కొబ్బరిచిప్ప పట్టుకుంది. ఒక పిల్లకోతి బంతిపూలు ఒక్కొక్కటే తెంపి తింటోంది. బావ నీళ్ల డ్రమ్ము వెనక ఉన్నాడు. ఎప్పుడు వెళ్లాడో నేను చూడలేదు.

అమ్మ కదల్లేదు. హారతి పళ్లెంలో చెంచా టకటకా కొట్టుకుంటోంది. ఇంకో చేతిని, కొరికిన చేతిని, కొంగులో దాచుకుంది. అప్పటిదాకా నాకు వస్తున్న నవ్వంతా అక్కడే ఆగిపోయింది. మా అమ్మ అంతగా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు అడ్డంగా నిలబడి, పూలదండతో సహా తుపాకీ ఎత్తి, నూనె డబ్బా వైపు గురిపెట్టి నొక్కాను. "ఉస్" అని ఎర్రగా కొంచెం కుంకుమ ఊదింది. అంతే.

కోతులు తినడం ఆపి ఒకసారి దాని వైపు చూశాయి. మళ్లీ తిన్నాయి. అన్నీ తిన్నాక, ఎవరో తరిమినట్టు కాకుండా, భోజనాలైన చుట్టాల్లా ఒక్కొక్కటే లేచి వెళ్లిపోయాయి. అమ్మ మెట్లు దిగి తన గదిలోకి పోయింది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఎక్కించి మరీ భయపెట్టానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

డ్యూటీకి తిరిగి వెళ్లిన బావకు ఫోనులో నా తీర్పు చెప్పాను. గురి వంకర, కీలుకు నిలకడ లేదు, కోతుల్లో దానికి పేరు లేదు. "మీ అక్క ఇంట్లకు రానిస్తలేదు బామ్మర్ది," అన్నాడాయన. తుపాకీ గురించి అన్నాడో తన గురించి అన్నాడో నేను అడగలేదు. ఏదైతే అదవుతుందని దాన్ని గోనెసంచిలో చుడుతుండగా అమ్మ వచ్చింది.

"ఎటు కొంచవోతానవ్ దాన్ని?"

"బావకు వాపస్ ఇస్త."

"ఉండనియ్."

"అది పేలదమ్మా. గొట్టం నిండ కుంకుమ వడ్డది. నిమ్మరసానికి కీలు గూడ పట్టేసింది, మడత తెరుసుకుంటలేదు."

"తెరుసుడెందుకు? గట్ల మడిసి ఉంటెనే ఒడిల పడ్తది," అని సంచితో సహా తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచి చూస్తే మెట్ల మీద పిండి చుక్కలు ఉన్నాయి. గబగబా పైకి వెళ్లాను. అమ్మ డాబా మీద పీట వేసుకుని కూర్చుంది. ముందు పాత చీర పరిచి ఉంది. ఒడిలో మడత తుపాకీ. ఎడమచేయి దాని మీద వేసి, కుడిచేత్తో వడియాలు పెడుతోంది. వడియాలు ఒక్కటీ గుండ్రంగా రావడం లేదు. గోడ మీద కోతులు కూర్చునే ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒకటి దిగి వచ్చి, చివరి వరసలో ఒక పచ్చి వడియం గోకి, నాకి, కారం తగిలి తల విదిలించి మళ్లీ గోడ ఎక్కింది. అమ్మ ఒళ్లంతా ఉలిక్కిపడింది. తర్వాత వంగి ఆ ఖాళీలో ఇంకో వడియం పెట్టింది.

నాకు చూడబుద్ధి కాలేదు. దగ్గరికి పోయి చెప్పాను.

"అమ్మా, అవి దానికి భయపడ్తలేవే. నువ్ కిందికి రా. నేను ఇంకేదన్న చూస్త."

ఆమె తల ఎత్తలేదు.

"అవి భయపడాలని నేనెన్నడన్న అన్ననారా? నా భయం పోతె సాలు. జర పక్కకు జరుగు, వడియాల మీద నీడ పడ్తాంది."