బావకిచ్చిన మెత్తటి స్ప్రింగు

ఎవరైనా తనకు రావలసిన ఉద్యోగాన్ని తన చేత్తోనే తీసి పక్కవాడి జేబులో పెడతారా? నేను పెట్టాను. అదీ వాడు వద్దంటుంటే బతిమాలి మరీ పెట్టాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఒకరు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అనకాపల్లిలో మాది కమాను కట్టల షాపు, అంటే బళ్ల కింద స్ప్రింగు పట్టీలు వేసే షాపు. బెల్లం దిమ్మలు మోసి మోసి వ్యాను వెనక కుంగిపోతే, మా నాన్న ఇంకో ఇనప పట్టీ వేసి పైకి లేపేవాడు. ఆటో కుంగినా పట్టీయే, లారీ కుంగినా పట్టీయే. లోకంలోని కష్టాలన్నీ స్ప్రింగు చాలకే వస్తాయని ఆయన నమ్మకం. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను.

అలాంటివాణ్ని వెళ్లి పిస్తోలు షూటింగులో పడ్డాను. విశాఖలో ఒక క్లబ్బు. నాతోపాటు మా మేనమామ కొడుకు నూకరాజు. రాష్ట్ర జట్టులోకి వెళ్తే స్పోర్ట్స్ కోటాలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం ఖాయం. మా క్లబ్బు నుంచి ఒక్కరికే చోటు. ఎవరినడిగినా అది నాదే అనేవారు. నన్నడిగితే ఇంకా గట్టిగా అనేవాణ్ని.

సెలెక్షన్ దగ్గరపడ్డాక మా కోచ్, మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చినాయన, రెండు చిన్న స్ప్రింగులు తెచ్చారు. పిస్తోలు పేలగానే పైనున్న స్లైడు వెనక్కి వెళ్లి ఖాళీ గుల్లను బయటికి విసురుతుంది. లోపలి స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోసి కొత్త తూటా ఎక్కిస్తుంది. తెచ్చిన వాటిలో ఒకటి కంపెనీవాడు ఇచ్చినదానికన్నా గట్టిది, ఒకటి మెత్తది.

"మన తూటాల్లో మందు తక్కువరా. అది సూసుకుని తీసుకోండి" అన్నారు కోచ్.

రెండింటినీ వేళ్ల మధ్య నొక్కి చూశాను. మెత్తది నొక్కగానే ముడుచుకుపోయింది. పాపం, దాన్ని చూసి జాలేసింది.

"గట్టిది నాకియ్యండి సార్. ఎంత గట్టిగుంటే అంత కుదుపు ఆపుతాది."

"వేసేక ఓ పెట్టె తూటాలు కాల్చి సూడు మరి."

"స్ప్రింగుల గురించి నాకు సెప్తారేటి సార్? పుట్టిందే స్ప్రింగుల మధ్యని!"

ఆయన స్ప్రింగు బిగించి ఇచ్చి, తూటాల పెట్టె నా పక్కన పెట్టారు. దాని మూత నేను తియ్యనేలేదు.

"బావా, ఈ మెత్తది నువ్వు పుచ్చుకో" అన్నాను నూకరాజుతో.

"నాకు పాతదే బాగుంది బావా."

"పుచ్చుకోరా! బావ ఇత్తంటే కాదంటావేటి?"

మాట తీసెయ్యలేక వేయించుకున్నాడు. ఆ పూటంతా ఓపిగ్గా కాల్చి చూసుకున్నాడు. నేను టీ తాగుతూ వాణ్ని వేళాకోళం చేశాను. ఇంటికెళ్లి చెబితే మా నాన్న, "గట్టిదే అడిగేవా? నా కొడుకువనిపించేవు!" అని భుజం చరిచాడు.

సెలెక్షన్ రోజు. పది సెకన్లలో ఐదు తూటాలు. మొదటిది సరిగ్గా నడిమధ్యలో తగిలింది. రెండోదానికి ట్రిగ్గరు నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. స్లైడు సగం దారిలోనే ఆగి ముందుకొచ్చేసింది. ఖాళీ గుల్లను పళ్ల మధ్య కరిచిపట్టుకుని పిస్తోలు నా మొహం చూస్తోంది.

"జామ్ అయింది. ఒక్కసారికి మళ్లీ కాల్చుకోవచ్చు" అన్నాడు రిఫరీ.

మళ్లీ కాల్చాను. మళ్లీ కరిచింది.

"ఇంక లేదు" అన్నాడు.

పక్క లైనులో నూకరాజు పిస్తోలు కుట్టుమిషనులా టకటకమని సాగిపోతోంది. ఖాళీ వ్యానుకు పట్టీలెక్కువ వేస్తే స్ప్రింగు కుంగదు, ఒళ్లు హూనమవుతుంది. మా షాపుకొచ్చే ప్రతి డ్రైవరుకీ ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. మందు తక్కువ తూటాలు వేసే ఆ పిస్తోలు కూడా ఖాళీ బండే అని మాత్రం తట్టలేదు. ఆ రోజు బస్సెక్కి అనకాపల్లి వచ్చేదాకా కిటికీ వైపునుంచి మొహం తిప్పలేదు. ఏడ్చాను, ఎందుకు దాచాలి?

ఇప్పుడు నూకరాజు ఆ కోటా ఉద్యోగంలో, యూనిఫారంలో ఉన్నాడు. నేను షాపులో ఉన్నాను. మొన్న సెలవులకొచ్చి కారు నా ముందే ఆపాడు.

"బావా, కుదిపేత్తంది. కాసింత మెత్తటి స్ప్రింగు వెయ్యి. నీ సేత్తో ఇచ్చిన మెత్తదే నాకు కలిసొచ్చింది గదా!"

వెటకారమైతే తిట్టి ఊరుకునేవాణ్ని. వెధవ, మనస్ఫూర్తిగా అన్నాడు. మా ఆవిడ, అంటే వాడి చెల్లెలే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

కారు కిందకి దూరి, చేతిలోని పానా మీద ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎవరైనా రెండు స్ప్రింగులు చూపించి ఏది కావాలని అడిగితే, నాకు నచ్చినదాన్ని బావకిచ్చేసి, నచ్చనిదాన్ని నేను పుచ్చుకుంటాను. అడిగేవాళ్లెవరూ లేరనుకోండి.